పాత ఒడిస్సీ వ్యాన్‌కి రెండో రిమోట్‌ని ఇంట్లోనే ప్రోగ్రామ్ చేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: 2008 హోండా ఒడిస్సీ ఈఎక్స్-ఎల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత ఓనర్ ఒక కీ, ఒక రిమోట్ మాత్రమే ఇచ్చాడు. ఇంకో రిమోట్ ఆన్‌లైన్‌లో తెప్పించారు గానీ దాన్ని ఎంత నొక్కినా తలుపులు ఉలకవు, పలకవు. డీలర్‌ని అడిగితే ప్రోగ్రామింగ్‌కే, అంటే ఆ రిమోట్‌ని గుర్తుపట్టడం బండికి నేర్పడానికే, వంద డాలర్ల పైన చెప్పాడు. అంత పెట్టాలా, మనమే చేసుకోవచ్చా అని.

మనమే చేసుకోవచ్చు. మాదీ అదే తరం ఒడిస్సీ. డల్లాస్ దగ్గర ఉంటాం, అమ్మానాన్న వచ్చినప్పుడు అందరం ఒకే బండిలో పట్టాలని పాతది కొన్నాం. మాకూ మీలాగే ఒకటే కీ, ఒకటే రిమోట్ వచ్చాయి. రెండో రిమోట్ నేనే ప్రోగ్రామ్ చేశాను, రెండో కీ మాత్రం పనివాడిని పిలిపించి చేయించాను. ఆ రెండింటికీ ఉన్న తేడా ముందు తెలుసుకోండి. చాలామంది అనవసరంగా డబ్బు వదిలించుకునేది అక్కడే.

రిమోట్ పని తలుపులు తీయడం, వేయడం, హారన్ మోగించడం. ఇంజిన్‌తో దానికి సంబంధం లేదు. ఇంజిన్ స్టార్ట్ అవ్వాలంటే కీ నల్లటి ప్లాస్టిక్ తలలో ఉన్న చిన్న చిప్‌ని బండి గుర్తుపట్టాలి. ఆ చిప్‌కి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ నుంచే దానికి కరెంట్ అందుతుంది. చిప్ నచ్చకపోతే డాష్‌బోర్డ్ మీద ఆకుపచ్చ కీ బొమ్మ మినుకుమినుకుమంటుంది, ఇంజిన్ అందుకోదు. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. 2022 ప్రాంతంలో అమెరికా అంతా కుర్రాళ్లు యూఎస్‌బీ వైర్ ముక్కతో కియా, హ్యుందాయ్ కార్లు ఎత్తుకుపోయిన గొడవ గుర్తుందా? ఆ మోడళ్లలో చాలావాటికి ఈ ఇమ్మొబిలైజర్ లేకపోవడమే కారణం. మీ వ్యాన్‌కి ఉంది, సంతోషించండి. మీ దగ్గరున్న కీతో బండి స్టార్ట్ అవుతోంది కాబట్టి చిప్ జోలికి ఇప్పుడు వెళ్లక్కర్లేదు. మీ సమస్య రిమోట్ ఒక్కటే.

ప్రోగ్రామింగ్‌కి ముందు చూసుకోవలసింది, తెప్పించిన రిమోట్ అసలు మీ బండిదేనా అని. బటన్లు ఒకేలా ఉన్నంత మాత్రాన సరిపోదు. రిమోట్ వెనక ఎఫ్‌సీసీ ఐడీ అని, అంటే రేడియో పరికరాలకి అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చే గుర్తింపు నంబర్, చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాతదాని మీదా కొత్తదాని మీదా అది అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా తిప్పి పంపేయండి, దానితో కుస్తీ పట్టొద్దు. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో చవగ్గా తెప్పిద్దామని మా ఫ్రెండ్స్‌లోనే ఒకరికి ఆలోచన వచ్చింది. అది కుదరదు. అక్కడి కార్ల రిమోట్లు ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, మన ఈ హోండా రిమోట్ 313.8 మీద. బయటికి అచ్చం ఒకేలా కనిపించినా ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. ఇంకో సంగతి, మరీ చవగ్గా ఐదారు డాలర్లకి దొరికేవి ఒట్టి ప్లాస్టిక్ డొల్లలు. లోపల సర్క్యూట్ ఉండదు. పాత రిమోట్ కేసు పగిలిపోతే మార్చుకోవడానికి అమ్మేవి అవి.

తర్వాత బ్యాటరీ. రిమోట్ బటన్ నొక్కినప్పుడు ఎర్ర లైటు వెలగాలి. వెలగకపోయినా, నీరసంగా వెలిగినా ముందు బిళ్ల బ్యాటరీ మార్చండి. నంబర్ దాని మీదే ఉంటుంది, అదే నంబర్‌ది కొనండి. ఆ నంబర్ కొలతే: సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. అందుకే ఒక నంబర్ బదులు ఇంకోటి పెడితే లోపల వదులుగా ఆడుతుంది, లేదా పట్టనే పట్టదు. ఫోన్ కెమెరాకి చూపించి రిమోట్ పనిచేస్తోందో లేదో చెప్పొచ్చని ఎవరో మీకు సలహా ఇచ్చినట్టున్నారు. అది టీవీ రిమోట్‌కి పనికొస్తుంది, ఎందుకంటే అందులోది ఇన్‌ఫ్రారెడ్ కాంతి. కారు రిమోట్ పంపేది రేడియో తరంగం. కెమెరాకి ఏమీ కనపడదు. కనపడలేదని రిమోట్‌ని చెత్తబుట్టలో వేయకండి.

ఇక అసలు పని. ఇంట్లో ఎన్ని రిమోట్లుంటే అన్నీ తెచ్చుకుని డ్రైవర్ సీట్లో కూర్చోండి. ఇది ముఖ్యం, ఎందుకంటే బండి ప్రోగ్రామింగ్ మోడ్‌లోకి వెళ్లగానే పాత రిమోట్లన్నిటినీ మర్చిపోతుంది. కొత్తది ఒక్కటే నేర్పి దిగిపోతే పాతది పనిచేయడం మానేస్తుంది. అప్పుడు మళ్లీ మొదటికి.

తలుపులన్నీ పూర్తిగా మూసి ఉండాలి, వెనక డిక్కీతో సహా. స్లైడింగ్ డోర్ ఒక్కోసారి మూసుకున్నట్టే కనిపిస్తుంది గానీ చివరి అరంగుళం బిగుసుకోదు. డాష్‌బోర్డ్ మీద తలుపు బొమ్మ వెలుగుతుంటే దిగి సరిగ్గా వేసి రండి. పిల్లల్ని బండిలో కూర్చోబెట్టుకుని ఇది మొదలుపెట్టొద్దు. వాళ్లు తలుపు తీయకుండా ఉండరు, మీ లెక్క సాగదు.

పాత రిమోట్ పనిచేస్తోంది కదా, దానితోనే మొదలుపెట్టండి. కీ పెట్టి రెండో గీత దాకా, అంటే ఆన్ దాకా తిప్పండి. డాష్‌బోర్డ్ లైట్లన్నీ వెలుగుతాయి. ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. వెంటనే, నాలుగు సెకన్ల లోపే, రిమోట్ మీద లాక్ బటన్ ఒకసారి నొక్కండి. మళ్లీ నాలుగు సెకన్ల లోపే కీని వెనక్కి సున్నా దాకా తిప్పండి. ఇదంతా కలిపి ఒక విడత. ఇలాంటివి మూడు విడతలు, మధ్యలో ఆగకుండా, అదే రిమోట్‌తో చేయండి. నాలుగోసారి కీ ఆన్ చేసి లాక్ నొక్కగానే తలుపుల తాళాలు వాటంతటవే పడి లేచిన చప్పుడు వినిపిస్తుంది. బండి నేర్చుకోవడానికి సిద్ధమైందన్నమాట. ఇప్పుడు కీ ఆన్‌లోనే ఉంచండి. నాలుగు సెకన్లు దాటకుండా అదే రిమోట్ లాక్ బటన్ మళ్లీ నొక్కండి. తాళాలు ఇంకోసారి టకటకమంటే ఆ రిమోట్ ఎక్కినట్టు. పది సెకన్ల లోపు కొత్త రిమోట్ తీసి దాని లాక్ నొక్కండి. మళ్లీ అదే చప్పుడు రావాలి. అన్నీ అయ్యాక కీ ఆఫ్ చేసి బయటికి తీసేయండి. దిగి, తలుపులు మూసి, రెండు రిమోట్లూ నొక్కి చూసుకోండి.

చదవడానికి ఇంత ఉంది గానీ చేసేటప్పుడు నిమిషం కూడా పట్టదు. ఎక్కువమందికి కుదరనిది ఒక్కచోటే. కీని వెనక్కి తిప్పేటప్పుడు అది ఒకటో గీత దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి సున్నాకి రావాలంటే కీని కాస్త లోపలికి నొక్కి తిప్పాలి. కీ బయటికి తీసేటప్పుడు రోజూ అలాగే చేస్తాం, చెయ్యి అలవాటుగా చేసేస్తుంది కాబట్టి గమనించం. ఈ హడావుడిలో మాత్రం ఒకటో గీత దగ్గరే ఆపి ముందుకు తిప్పేస్తారు. బండి దాన్ని ఆఫ్ కింద లెక్కపెట్టదు. మీకు నాలుగోసారికి తాళాలు కదలకపోతే ముందు అనుమానించాల్సింది ఇదే. గేర్ కూడా పార్క్‌లో ఉండాలి, లేకపోతే కీ సున్నాకి రానే రాదు. సెకన్ల గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు. మా ఆవిడ పక్కన కూర్చుని పైకి చెప్తుంటే, ఆన్, నొక్కు, ఆఫ్ అని, నేను అలాగే చేసుకుంటూ పోయాను. ఒక్కరే చేసేకన్నా అలా సులువు.

తాళాల చప్పుడు కోసం డ్రైవర్ తలుపు మీదే చెవి పెట్టకండి. ఈ వయసు బండ్లలో తలుపు లోపలి చిన్న మోటార్లు అరిగిపోవడం మామూలే. డ్రైవర్ వైపుది చచ్చిపోయి ఉంటే ప్రోగ్రామింగ్ జరిగినా చప్పుడు రాలేదనుకుంటారు. మిగతా తలుపులనీ గమనించండి.

కొత్త రిమోట్‌తో అప్పుడప్పుడూ ఇంకో ఇబ్బంది వస్తుంది. ఇవాళ బాగా పనిచేసి రేపు మొండికేస్తుంది. ఇవన్నీ మారుతూ ఉండే కోడ్‌తో నడుస్తాయి. రిమోట్ దగ్గరా బండి దగ్గరా ఒకే వరస నంబర్ల చీటీల పుస్తకం ఉందనుకోండి. నొక్కినప్పుడల్లా రిమోట్ ఒక చీటీ చింపుతుంది, బండి తన పుస్తకంలో అదే నంబర్ కోసం చూసుకుంటుంది. వాడేసిన చీటీ మళ్లీ చెల్లదు కాబట్టి మధ్యలో ఎవరైనా సిగ్నల్‌ని రికార్డు చేసి తర్వాత వినిపించినా తలుపు తీసుకోదు. బండికి దూరంగా ఉన్నప్పుడు కొన్నిసార్లు నొక్కుకున్నా ఫర్వాలేదు, కొన్ని చీటీలు ముందుకి వెళ్లినా బండి సర్దుకుంటుంది. ఇంట్లో చంటిపిల్ల చేతికి రిమోట్ ఇచ్చి పూటంతా ఆడుకోనిస్తే మాత్రం వరస తప్పిపోతుంది. అప్పుడు బండి పక్కనే నిలబడి రెండుమూడు సార్లు నొక్కి చూడండి, చాలాసార్లు కలిసిపోతుంది. కలవకపోతే పైన చెప్పిన పనే మళ్లీ చేయడం.

మీ ప్రశ్న కింద వేరే వ్యాన్ల వాళ్లూ అడిగారు. మా తోడల్లుడు కేటరింగ్‌కి ఫోర్డ్ ఈ-250 వాడతాడు, దానిదీ నేనే చేసిపెట్టాను. హోండా కన్నా సులువు. తలుపులన్నీ మూసి, పది సెకన్ల లోపు కీని ఆఫ్ నుంచి ఆన్‌కి ఎనిమిదిసార్లు తిప్పాలి, ఎనిమిదోసారి ఆన్‌లోనే వదిలేయాలి. తాళాలు పడి లేస్తాయి. ఇరవై సెకన్ల లోపు ఒక్కో రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కుతూ పోవాలి. అక్కడా అంతే, అన్నీ ఒకేసారి నేర్పాలి. 2010కి ముందరి టొయోటా సియెన్నాది మాత్రం పెద్ద తతంగం. కీ పెట్టి తీయడం, డ్రైవర్ తలుపు తెరిచి మూయడం, మళ్లీ కీ, అన్నీ లెక్క ప్రకారం. మీ ఏడాది మోడల్‌కి సరిపోయే వరస దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి, ఒక ఏడాది అటూ ఇటూ అయినా వరస మారిపోవచ్చు. 2018 నుంచి వచ్చిన కొత్త ఒడిస్సీ బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేది. దానికి ఈ పద్ధతులేవీ చెల్లవు, మెషీన్ పెట్టి చేసేవాళ్లు కావాల్సిందే.

ఇప్పుడు కీ సంగతి. ప్రోగ్రామింగ్‌తో పాత ఓనర్ దగ్గర మిగిలిపోయిన రిమోట్ ఏదైనా ఉంటే అది చెల్లకుండా పోయింది, మంచిదే. కానీ అతని దగ్గర ఇంకో చిప్ కీ ఉంటే దానితో మీ బండి ఇప్పటికీ స్టార్ట్ అవుతుంది. పాత కారు కొన్నవాళ్లలో దీని గురించి ఆలోచించేవాళ్లు తక్కువ. కాబట్టి రెండో కీ చేయించుకునేటప్పుడు, పాత కీలన్నీ చెరిపేసి ఇప్పుడు చేతిలో ఉన్నవి మాత్రమే ఎక్కించమని అడగండి. ఒకే పనిలో అయిపోతుంది.

ఈ పని మనంతట మనం చేసుకోలేం. కీ పక్కల్లో గాడి పడే లేజర్ కట్ రకం, కోయడానికి ప్రత్యేకమైన మెషీన్ కావాలి. చిప్‌ని బండికి పరిచయం చేయడానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్ట్‌కి, అంటే మెకానిక్‌లు స్కానర్ గుచ్చే సాకెట్‌కి, ఇంకో పరికరం తగిలించాలి. అయినా డీలర్ దగ్గరికే వెళ్లక్కర్లేదు. మాకు వ్యాన్‌లో అన్నీ వేసుకుని ఇంటికే వచ్చే లాక్‌స్మిత్ చేసిపెట్టాడు, డీలర్ చెప్పినదానిలో సగానికి కాస్త పైన అయింది. రాగానే డ్రైవింగ్ లైసెన్స్, బండి రిజిస్ట్రేషన్ చూపించమన్నాడు. అలా అడిగేవాడే కావాలి, కాగితాలు చూడకుండా కీ కోసిచ్చేవాడు రేపు ఇంకెవరికైనా మీ బండికే కోసిస్తాడు. టెక్సస్‌లో లాక్‌స్మిత్‌లకి డీపీఎస్ (రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ) లైసెన్స్ తప్పనిసరి, నంబర్ అడగండి. కాలిఫోర్నియాలోనూ రాష్ట్ర లైసెన్స్ ఉండాలి. ప్రకటనలో పందొమ్మిది డాలర్లే అని చూపించి, వచ్చాక పదింతలు అడిగేవాళ్లు ఉన్నారు. వినియోగదారుల మోసాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌టీసీ కూడా ఇలాంటి వాళ్ల గురించి జనాన్ని హెచ్చరించింది. కీ, కోత, ప్రోగ్రామింగ్, రాకపోకలు అన్నీ కలిపి ఎంతో ఫోన్‌లోనే అడిగి, మెసేజ్‌లో రాయించుకోండి.

వాయిదా మాత్రం వేయకండి. ఒక్క కీ అయినా పనిచేస్తున్నప్పుడు రెండోది చేయించడం వేరు, అన్నీ పోయాక చేయించడం వేరు. రెండోదాంట్లో బండిని కదపలేం, పనీ ఎక్కువ, రేటూ ఎక్కువ. మా తోడల్లుడి ఫోర్డ్ లాంటి పాత బండ్లలో ఇంకో సౌకర్యం ఉంది. పనిచేసే కీలు రెండు ఉంటే మూడోదాన్ని మనమే ఇగ్నిషన్‌లో ఒకదాని తర్వాత ఒకటి తిప్పి నేర్పుకోవచ్చు. ఒకటే ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

చివరగా, ప్రోగ్రామింగ్ అయ్యాక తలుపుల లాక్ పనిచేసి, స్లైడింగ్ డోర్ల బటన్లు పనిచేయకపోతే రిమోట్‌ని అనుమానించకండి. స్టీరింగ్‌కి ఎడమవైపు డాష్‌బోర్డ్ మీద మెయిన్ అని ఒక స్విచ్ ఉంటుంది. పిల్లలు ఆడుకుంటున్నారని పాత ఓనర్ దాన్ని ఆఫ్ చేసి పెట్టి ఉండొచ్చు. ఆన్ చేసి, రిమోట్ మీద డోర్ బటన్‌ని ఊరికే తాకకుండా కాస్త నొక్కి పట్టుకోండి. అప్పటికీ తెరుచుకోకపోతే డోర్ నడిచే పట్టాలో ఇరుక్కున్న చిప్స్, బియ్యం గింజలు ఊడ్చి చూడండి. మా బండిలో అదే అయింది.