నూనె కాని బ్రేక్ ఆయిల్

జూలైలో హనుమకొండ వస్తే నాకు సెలవు ఉండదు. నయీంనగర్‌లో మా అన్న ఇంటి వరండాలో రోజూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు: ఆగస్టులో అమెరికా చదువులకు బయలుదేరే పిల్లలు, వాళ్ల వెంట వచ్చిన తండ్రులు. అడిగేవి వీసా గురించో, పచ్చళ్ల బరువు గురించో. ఈసారి ప్రశ్న అటువైపు నుంచి వచ్చింది. నిరుడు ఇదే వరండాలో కూర్చుని వెళ్లిన పరకాల కుర్రాడు డెన్వర్ నుంచి ఫోను చేశాడు. "అన్నా, పాత కారు కొన్నాను. షాపులో పెన్ను లాంటిది ముంచి, ఎర్ర లైటు చూపించి, బ్రేక్ ఆయిల్ పాడైంది, 150 డాలర్లు అవుతుందన్నారు. నమ్మాలా? ఇంటి దగ్గర మనమే మార్చుకోవచ్చా?"

ముందు ఆ పేరు సంగతి చూద్దాం. వరంగల్ ఆటోనగర్‌లోనైనా, కరీంనగర్‌లోనైనా మనమందరం బ్రేక్ ఆయిల్ అనే అంటాం. కానీ అది నూనె కాదు. అక్కడి షాపులో 'బ్రేక్ ఫ్లూయిడ్' అని అడగండి. పేరు చూసి మోసపోయి అందులో ఇంజన్ ఆయిల్ పోశారా, లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. బ్రేకుల మొత్తం వ్యవస్థ విప్పాల్సి వస్తుంది. కారులో ఈ ద్రవం పోసే డబ్బా మూత మీద దాని రకం డాట్ 3 అనో, డాట్ 4 అనో రాసి ఉంటుంది, అదే కొనండి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం, వీటితో కలపకూడదు.

ఈ ద్రవానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో మూత పెట్టని ఉప్పు డబ్బాను తలుచుకోండి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది నియమం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140 మాత్రమే. డాట్ 4కు అవే 230, 155. బ్రేకుల వేడికి మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే అణగదు, ఆవిరి అణుగుతుంది. అంటే పెడల్ అడుగు దాకా దిగిపోతుంది, బండి ఆగదు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కి దిగిన వాళ్లు కూడా డెన్వర్ ఉన్న కొలరాడో కొండలను తక్కువ అంచనా వేయవద్దు. పైక్స్ పీక్ శిఖరం 14,115 అడుగులు. దిగే దారిలో రేంజర్లు బండ్లను ఆపి బ్రేకుల వేడి చూస్తారు.

నేనిదంతా ఫోనులో చెబుతుంటే, వరండాలో ఉన్న ఒక తండ్రి, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరైన పెద్దాయన, "మా బస్సులవి గాలి బ్రేకులు బాబూ, మాకు ఈ బాధే లేదు" అన్నారు. నిజమే, వాటిలో ఈ ద్రవం ఉండదు.

ఇక పెన్ను. అది నీటిని నేరుగా కొలవదు. ద్రవంలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి నీరు ఎంత ఉందో ఊహిస్తుంది. ద్రవంలో కలిపే రసాయనాలు కంపెనీని బట్టి మారుతాయి కనుక ఊహ తప్పవచ్చు. పైగా ముంచేది పైన డబ్బాలో, మరిగేది కింద చక్రం దగ్గర. రంగు చూసి తేల్చడం కూడా అంతే. ద్రవాన్ని నిజంగా వేడిచేసి మరిగే స్థాయి చెప్పే పరికరాలు నమ్మదగినవి, కానీ ఒక్క కారు కోసం కొనేవి కావు. బ్రేకు గొట్టాల నుంచి ద్రవంలోకి రాగి ఎంత కరిగిందో చూపే కాగితపు పట్టీలు ఇంటి వాడకానికి కొంత నయం. నా మటుకు నేను తేదీనే నమ్ముతాను. చాలా కంపెనీలు రెండు, మూడేళ్లకోసారి మార్చమంటాయి. పాత కారు కొన్నవారికి ఆ తేదీ తెలియదు కనుక ఏ పరీక్షా లేకుండా ఒకసారి మార్చేయడమే మేలు. అయితే మట్టం తగ్గిందని ఊరికే పోసి నింపకండి. ప్యాడ్లు అరిగినా తగ్గుతుంది, కారుతున్నా తగ్గుతుంది.

ఇంటి దగ్గర మార్చవచ్చు, ఇద్దరుంటే. ముందు అద్దె ఒప్పందం చదవండి, చాలా అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో రిపేరు చేయనివ్వరు. బండిని జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపండి. పైడబ్బాలోని పాత ద్రవాన్ని సిరంజితో తోడేసి కొత్తది పోయండి. తర్వాత చక్రం దగ్గర ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ స్క్రూకు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను సీసాలో పెట్టండి. సాధారణంగా దూరపు చక్రంతో మొదలుపెడతారు. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు కనుక అది వెనక ఎడమ చక్రం, అక్కడ వెనక కుడిది. కొన్ని కార్లలో వరుస వేరుగా ఉంటుంది, మాన్యువల్ చూడండి.

ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు స్క్రూ తిప్పి, ద్రవం కారాక బిగించాలి, ఆ తర్వాతే పెడల్ ఎత్తాలి. మన భాషలో ఇక్కడ ఒక చిక్కుంది. చక్రం దగ్గరి మనిషి స్క్రూ గురించి "వదులు చేస్తున్నా" అంటే, లోపలి మనిషి "వదులు" అన్న ముక్క మాత్రం విని కాలు తీసేస్తాడు. గాలి లోపలికి పోతుంది. నాకు మొదటిసారి జరిగింది ఇదే, సగం ఆదివారం పోయింది. అందుకే "తొక్కు", "ఎత్తు" అన్న రెండే మాటలు వాడండి. పెడల్ కింద చెక్కముక్క పెడితే అడుగు దాకా పోదు. పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ పాతదైతే దానికి అది రక్ష.

డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకూడదు. గాలి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా చూసే భాగం) దాకా పోతే కొన్ని కార్లకు స్కానర్ లేకుండా బయటికి రాదు. మంచు మీద ఉప్పు చల్లే ఊళ్లలో స్క్రూలు తుప్పు పడతాయి. కదలకపోతే బలం చూపించకండి, విరుగుతుంది. ఆ 150 డాలర్లు ఇవ్వాల్సింది అప్పుడు. కారు పెయింట్ మీద ద్రవం చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి. పెడల్ గట్టిగా తగిలేదాకా బండి కదపవద్దు.

పాత ద్రవాన్ని డ్రైనేజీలో పోయకుండా కౌంటీ వాళ్ల ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి. సీసాలో మిగిలిన కొత్తది కూడా దాచవద్దు. మన ఇళ్లలో ఏదీ పారేయరని నాకు తెలుసు. కానీ తెరిచిన సీసా కూడా తేమ పీల్చుకుంటుంది. మార్చిన తేదీ, మైళ్లు ఒక కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించండి.