'క్రెపస్క్యులర్' గురించి యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఇంగ్లీషు వ్యాసం శ్రద్ధగా చదివాను. అడవి అంచున మేసే దుప్పుల వర్ణన నాకు ఎంతో నచ్చింది. అయితే వాటికి వాడిన 'క్రెపస్క్యులర్' (సంధ్యవేళకు సంబంధించిన) అనే విశేషణాన్నే పాత గోదాములోని మసక వెలుతురుకూ, నడిరేయి వేటాడే గుడ్లగూబకూ, ఒక నాయకుడి అస్పష్టమైన మాటలకూ వాడావు. ఆ మాట మీద నీకున్న మక్కువ నాకూ ఉంది కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దానికి మూలమైన లాటిన్ మాట 'క్రెపుస్కులుమ్' ప్రధానంగా మునిమాపు వెలుగుకు పేరు. వేకువకు ఆ భాషలో 'డిలూకులుమ్' అని వేరే మాట ఉంది. ఇంగ్లీషులో ఈ విశేషణం రెండు పూటలకూ వర్తిస్తుంది. ప్రాతఃసంధ్యనూ సాయంసంధ్యనూ ఒకే 'సంధ్య'గా చూసే మనకు ఈ అర్థం సులభంగానే పట్టుబడాలి.

జంతుశాస్త్రంలో దీని హద్దు మరీ స్పష్టం. పగటి ఎండనూ నడిరేయినీ తప్పించుకుని, ఉభయ సంధ్యల్లో చురుకుగా తిరిగే కుందేళ్లు, అనేక జింక జాతుల వంటి ప్రాణులకే ఇది చెల్లుతుంది. సాయంసంధ్యలో మాత్రమే తిరిగేవాటికి 'వెస్పర్టైన్', వేకువలో మాత్రమే తిరిగేవాటికి 'మాట్యుటినల్' అనే మాటలున్నాయి. మబ్బుల సందుల్లోంచి విచ్చుకున్నట్టు కనిపించే కిరణాలకూ ఈ విశేషణమే వాడతారు. అవి నిజానికి దాదాపు సమాంతరాలు, దూరాన రైలు పట్టాలు కలిసినట్టు తోచే తీరులోనే ఒకచోటి నుంచి పుట్టినట్టు కనిపిస్తాయి.

అలంకారంగా వాడటం తప్పని నేననను. 1910లో ఇటలీ విమర్శకుడు జుసెప్పే ఆంటోనియో బోర్గెసే కొందరు యువకవుల రచనలను ఈ మాటతోనే గుర్తించాడు. ఒక మహత్తర కవితా సంప్రదాయం వారి గొంతులో మెల్లగా అస్తమిస్తున్నదని అతని భావం. అక్కడ ఒక వెలుగు నిజంగా తరలిపోతున్నది కనుక మాట నిలిచింది. నీ నాయకుడి ప్రసంగంలో అటువంటి సంధ్య ఏదీ లేదు, అస్పష్టత మాత్రమే ఉంది.

గోదాముకు 'డిమ్' (మసక), గుడ్లగూబకు 'నాక్టర్నల్' (రాత్రివేళ తిరిగే), ప్రసంగానికి 'వేగ్' (అస్పష్టమైన) సరిపోతాయి. దుప్పుల దగ్గర మాత్రం ఈ మాటను అలాగే ఉంచి, అది వేకువో మునిమాపో పక్కనే చెప్పు. ఆ విశేషణం ఒక్కటే ఆ సంగతి పాఠకుడికి తెలియజేయలేదు.