మంట పసుపుగా ఉంటే ఫ్రిజ్ చల్లబడదు

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా పాత క్యాంపర్ వ్యాన్‌లోని ఫ్రిజ్ కరెంటుతోనూ, ప్రొపేన్ గ్యాస్‌తోనూ నడుస్తుంది. కరెంటు మీద పెడితే ట్రేలో పోసిన నీళ్లు తెల్లారేసరికి ఐస్ అవుతాయి. కొలరాడోలో సుమారు 8,000 అడుగుల ఎత్తున గ్యాస్ మీద పెడితే మంట పసుపుపచ్చగా వచ్చి, నొక్కిన మీట వదలగానే ఆరిపోయింది, పాలు విరిగిపోయాయి. ఇంటికొచ్చి చూసినా అంతే. మెకానిక్ ఫ్రిజ్ మొత్తం మార్చాలన్నారు. తప్పదా?

జవాబు: తొందరపడకండి. ఈ ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు. వేడి తగిలినప్పుడు అమ్మోనియా నీటి నుంచి విడివడి, పైన ద్రవమై, లోపలి గొట్టాలలో హైడ్రోజన్ మధ్య మళ్లీ ఆవిరవుతూ చల్లదనాన్నిస్తుంది. 1922లో స్వీడన్‌లో ఫాన్ ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ వేడి కరెంటుదైనా, గ్యాస్‌దైనా గొట్టాలకు ఒకటే కాబట్టి, కరెంటు మీద ఐస్ కడుతోందంటే గొట్టాలు బాగున్నట్టే. లోపం మంట దగ్గరుంది. ఎత్తైన చోట గాలి పలచబడి మంట మందగించే మాట నిజమే కానీ, డాలస్‌లోనూ అదే తీరు కనుక తప్పు కొండది కాదు.

పసుపు మంట అంటే గ్యాస్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. దాని నుంచి కార్బన్ మోనాక్సైడ్ కూడా వెలువడుతుంది కనుక బాగయ్యేదాకా గ్యాస్ మీద నడపకండి. సిలిండర్ కట్టేసి, అంతా చల్లారాక, వ్యాన్ బయటివైపు జాలీ మూత తీయండి. బర్నర్ గొట్టంలో సాలెగూడు, దానిపైన పొగగొట్టం నుంచి రాలిన తుప్పు పెచ్చులు తరచుగా కనిపిస్తాయి. పొగగొట్టంలో వేలాడే మెలికల రేకును మసి దులిపి, మునుపున్న ఎత్తులోనే తిరిగి వేలాడదీయాలి. గ్యాస్ చిమ్మే సన్నని మూతి అయిన జెట్ రంధ్రంలో సూది మాత్రం పెట్టకండి. కిరసనాయిలు స్టవ్వుకు పిన్ను గుచ్చిన అలవాటు మనలో చాలామందికి ఉంది గానీ, ఈ రంధ్రం కాస్త పెద్దదైనా గ్యాస్ పాళ్లు తప్పుతాయి. జెట్‌ను ఆల్కహాల్‌లో నానబెట్టి ఆరబెడితే చాలు. తిరిగి బిగించాక అతుకుల మీద సబ్బునీళ్లు పూసి, బుడగలు రాలేదని చూసుకున్నాకే వెలిగించండి.

మంట నీలంగా మారినా మీట వదలగానే ఆరిపోతుంటే, థర్మోకపుల్ (మంట వేడి తగిలినంతసేపే గ్యాస్‌ను తెరిచి ఉంచే పరికరం) కొన మంటలో ఉందో లేదో చూసి, ఉంటే దాన్ని మార్పించండి. వెనుక గొట్టాల మీద పసుపు పొడి గానీ, ఘాటైన అమ్మోనియా వాసన గానీ ఉంటేనే మెకానిక్ మాట నిజమవుతుంది. అప్పుడు కరెంటు మీద కూడా నడపకూడదు.