దారి అడిగితే చెబుతాం: ఉస్మానియా ఆసుపత్రిని చూడవచ్చా?

వచ్చే నెల హైదరాబాదు వస్తున్నాం. చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం అయ్యాక మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం చూడాలని నా కోరిక. "ఆసుపత్రికి షికారు వెళ్లేవాళ్లుంటారా?" అని మావారు నవ్వుతున్నారు. వెళ్లవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

మీవారి మాటలో సగం న్యాయం ఉందమ్మా. అయినా వెళ్లండి. కాకపోతే తిన్నగా గేటు దగ్గరికి కాదు. చార్మినారు నుంచి మదీనా కూడలి మీదుగా నడిచి వచ్చి మూసీ వంతెన నయాపుల్ మీద ఆగండి. మూసీ వాసనకు ముక్కు మూసుకోవలసి వస్తే మూసుకోండి, కళ్లు మాత్రం తెరిచి ఉంచండి. దక్షిణపు ఒడ్డున ఎరుపు తెలుపు రాళ్ల హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున తెల్లటి గుమ్మటాల ఆసుపత్రి. రెండింటి రూపకల్పనలోనూ విన్సెంట్ ఎష్ అనే ఒకే ఆంగ్లేయ వాస్తుశిల్పి చేయి ఉంది. కాచిగూడ రైల్వే స్టేషను కూడా ఆయనదే. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో కట్టారు కాబట్టి ఆసుపత్రికి ఆ పేరు.

ఇంత పెద్ద ఆసుపత్రి అక్కడెందుకు వెలిసిందో తెలియాలంటే వరద కథ తెలియాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ముంచేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో అంతకుముందున్న ఆసుపత్రి ఆ నీళ్లలోనే పోయింది. మళ్లీ అదే ఒడ్డున కట్టే ధైర్యం ఎలా వచ్చిందంటారా? నదిని ఎగువనే ఆపే ఏర్పాటు చేశారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మనం ముచ్చటపడే గండిపేట చెరువు ఆ ఉస్మాన్ సాగరే, అది ఆ ఏడుపులోంచి పుట్టిందే. ఆసుపత్రినీ జలాశయాలనూ కలిపి ఒకే పనిగా చూడాలి. గైడ్లు ఈ ముక్క చెప్పరు, నిజాం నగల దగ్గరే ఆగిపోతారు.

ఇక ఆవరణలో చూడవలసింది ఒక చింతచెట్టు. వరదనాడు దాని కొమ్మలెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ సంగతి చెప్పే ఫలకం ఉంది. నన్నడిగితే గుమ్మటాల కంటే ముందు దాన్నే చూడమంటాను.

పాత భవనం లోపలికి వెళ్లాలని మాత్రం ఆశపడకండి. 2020 జూలైలో వానకు వార్డుల్లోకి నీళ్లు చేరాక దాన్ని ఖాళీ చేయించారు. వైద్యం పక్క బ్లాకుల్లో సాగుతోంది. గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి 2025 జనవరి 31న శంకుస్థాపన కూడా జరిగింది. ఒకప్పుడు మా పెద్దక్కకు తోడుగా అక్కడి వరండాలో పడుకున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: స్ట్రెచరుకు దారివ్వకుండా తల ఎత్తి పైకి చూస్తూ నిలబడే మనిషిని చూస్తే రోగి తరఫువాళ్లకు ఒళ్లు మండుతుంది. ఓపీ చీటీల వరుస ఉండే ఉదయం పూట వద్దు. ఓపీ లేని ఆదివారం మేలు. ఫొటో తీస్తే గోడలకు తీయండి, మనుషులకు వద్దు. సెక్యూరిటీవారు కాదంటే వాదించకుండా వచ్చేయండి.

క్లోరోఫారం మీద ప్రపంచ ప్రసిద్ధి పొందిన పరీక్షలు ఈ భవనంలోనే జరిగాయని విన్నాను. నిజమేనా?
– ఒక వైద్య విద్యార్థి, వరంగల్లు

ఊరు నిజం, భవనం కాదు. క్లోరోఫారం అనే మత్తుమందు ఎంత భద్రమో తేల్చడానికి హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు 1888లో ఒకటి, 1889లో ఒకటి పనిచేశాయి. అప్పటికి ఈ భవనానికి పునాది కూడా లేదు. హైదరాబాదు వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ వాటికి మూలపురుషుడు. క్లోరోఫారం ముందు ఊపిరిని ఆపుతుందని, గుండెకు నేరుగా ముప్పు లేదని ఆయన పట్టుదల. రెండో కమిషనుకు నిజాం ప్రభుత్వం డబ్బిచ్చి మరీ లండను నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్యుణ్ణి రప్పించింది. జంతువుల మీద ఎన్నో పరీక్షలు చేసి లారీ మాటే సరి అన్నారు. తర్వాతి పరిశోధనల్లో అది తప్పని తేలింది. మత్తు తక్కువగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి మనిషి హఠాత్తుగా పోవచ్చు.

లారీ కంటే నాకు రూపాబాయి ఫర్దూన్‌జీ మీదే గురి. ఆ రోజుల్లోనే ఆ వైద్య పాఠశాలలో చదివి, రోగులకు క్లోరోఫారం ఇచ్చారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెబుతారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి ఇంకా చదువుకున్నారు. మీ కాలేజీలో ఆమె పటం లేకపోతే పెట్టించండి.

మెట్రోలో వెళ్తే ఎక్కడ దిగాలి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

ఎంజీబీఎస్‌లో, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషను దగ్గర. "ఉస్మానియా మెడికల్ కాలేజి" స్టేషను పేరు చూసి తొందరపడి దిగకండి, కాలేజీ ఉన్నది కోఠిలో. ఎంజీబీఎస్ దగ్గర ఆటో ఎక్కితే "అఫ్జల్‌గంజ్, ఉస్మానియా దవాఖానా" అని పూర్తిగా చెప్పండి. వట్టి ఉస్మానియా అంటే యూనివర్సిటీకి తీసుకుపోగలరు.