పాత స్పీకర్ల మధ్యకు ఏ సెంటర్ స్పీకర్ తీసుకోవాలి?

ఇంట్లో సినిమాలు చూసేందుకు టీవీకి చెరోపక్క 1980ల నాటి స్టీరియో స్పీకర్లు రెండున్నాయి, మధ్యలోకి కొత్త సెంటర్ స్పీకర్ ఏది తెచ్చినా సరిపోతుందా అన్నది ప్రశ్న. సరిపోదు. తెర మీద కారు ఎడమ నుంచి కుడికి దూసుకుపోతుంటే, మధ్యకు రాగానే ఇంజన్ చప్పుడు మారిపోయి ఇంకేదో కారులా వినిపిస్తుంది. స్పీకర్ల గొంతు కలవకపోతే జరిగేది ఇదే. పైగా సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్‌లోంచే వస్తాయి.

అందుకే ముందు, మీ దగ్గరున్న మోడలే ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుందేమో వెతకండి. జతగానే అమ్మితే తీసేసుకోండి, రెండోది స్పేర్‌గా పనికొస్తుంది. పాత ట్వీటర్ (స్పీకర్‌లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) ఎప్పుడు పోతుందో చెప్పలేం! దొరక్కపోతే అదే కంపెనీది, అదే కాలంది, అదే రకం ట్వీటర్ ఉన్నది చూడండి. గుడ్డతో చేసిన గోపురంలాంటి సిల్క్ డోమ్ ట్వీటర్ పక్కన బాకాలాంటి హార్న్ ట్వీటర్ పెడితే ఆ తేడాను, శబ్దంలో హెచ్చుతగ్గులు దిద్దే ఈక్వలైజర్ కూడా పూర్తిగా సర్దలేదు.

రిసీవర్ (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) వెనక 8 ఓమ్‌లు (విద్యుత్ నిరోధానికి కొలత) అని రాసి ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్ తగిలించొద్దు, వేడెక్కిపోతుంది. సెన్సిటివిటీలో, అంటే అంతే పవర్‌కు స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్న దాంట్లో, కొద్దిపాటి తేడా ఉంటే లెవెల్ సర్దుకుంటే చాలు. పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే మాగ్నెటిక్ షీల్డింగ్ ఉన్నదే కొనండి, లేకపోతే తెర మీద రంగులు చెదిరిపోతాయి.

ఒక్కరే సరిగ్గా ఎదురుగా కూర్చుని చూస్తారా? అప్పుడు సెంటర్ లేకపోయినా ఫర్వాలేదు. స్టీరియో శబ్దాన్ని సెంటర్‌కూ వెనక స్పీకర్లకూ పంచే, 1987లో వచ్చిన డాల్బీ ప్రో లాజిక్ ఉన్న చాలా రిసీవర్లలో ఫాంటమ్ సెట్టింగ్ ఉంటుంది. అది పెడితే మాటలు రెండు స్పీకర్లలోంచీ వచ్చి, మధ్యలోంచే వస్తున్నట్టు వినిపిస్తాయి.