సీఓ2 నార్మల్‌గా ఉన్నా వీనింగ్ (వెంటిలేటర్ నుంచి మెల్లగా విడిపించడం) ఎందుకు ఫెయిలవుతోంది

మీ సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) పేషెంట్ మూడుసార్లూ ఎస్‌బీటీలో, అంటే సపోర్ట్ బాగా తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకోనిచ్చే ట్రయల్‌లో, 20 నిమిషాలకే అలిసిపోయారు, ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష) చూస్తే సీఓ2 40, అంతా నార్మలే కదా అన్నారు, నాకు అనుమానం వచ్చింది అక్కడే. జబ్బు ముదరకముందే ఆయనకి సీఓ2 60 ఉండేదని మీరే రాశారు. వెంటిలేటర్ మీద దాన్ని 40కి దించి రోజుల తరబడి అలాగే ఉంచితే కిడ్నీలు బైకార్బ్‌ని (రక్తంలో ఆమ్లాన్ని సరిచేసే పదార్థం) బయటికి పంపేస్తాయి, ఇక సపోర్ట్ తగ్గించగానే సీఓ2 మళ్లీ తన పాత చోటుకి పోతుంది, పీహెచ్ పడిపోతుంది (రక్తం ఆమ్లంగా మారుతుంది), మనిషి ఆయాసంతో చెమటలు కక్కుతాడు. ముందు వెంటిలేటర్‌లో సెట్ చేసిన ఊపిరి రేటు మెల్లగా తగ్గించండి, సీఓ2 పెరగనివ్వండి, పీహెచ్ 7.35 దాటి ఉంటే చాలు. ఆక్సిజన్ సాచురేషన్ 88-92 శాతం మధ్య ఉంచండి, 99 చూసి సంతోషపడొద్దు ప్లీజ్.

తర్వాత బెడ్ పక్కన రెండు నిమిషాలు నిలబడి వెంటిలేటర్ తెర మీద ఫ్లో వేవ్ (గాలి వచ్చిపోయే వేగాన్ని చూపే గీత) చూడండి. ఊపిరి వదిలే గీత సున్నాకి రాకముందే తర్వాతి బ్రెత్ మొదలైపోతుంటే ఆటో పీప్ (పూర్తిగా బయటికి పోని గాలి లోపలే చిక్కుకుని ఒత్తిడి పెంచడం) ఉన్నట్టే, మెడ కండరాలు లాగుతున్నా మెషిన్ ట్రిగ్గర్ అయి బ్రెత్ ఇవ్వట్లేదంటే చాలాసార్లు అదే కారణం. బ్రాంకోడైలేటర్ (గాలి దారులు తెరిచే మందు) ఇవ్వండి, ఊపిరి వదలడానికి టైమ్ పెంచండి. ఫాస్ఫేట్, మెగ్నీషియం ఎలాగూ చూస్తారు, కానీ ట్రయల్‌లో బీపీ ఎగబాకి ఊపిరితిత్తుల్లో క్రెపిటేషన్స్ (చిటపట శబ్దాలు) వినబడితే అది గుండె మీద పడ్డ భారం, ఫ్లూయిడ్ తీయాలి.

ఇంకొకటి, ట్యూబ్ తీసిన వెంటనే ఎన్‌ఐవీ (ట్యూబ్ లేకుండా మాస్క్‌తో ఇచ్చే వెంటిలేషన్) పెట్టేయండి, ఆయాసం వచ్చాక చూద్దాంలే అని ఆగొద్దు, మాస్క్ సైజు ముందురోజే చూసి పెట్టుకోండి.