పాత రంపం బ్లేడుతో కత్తి: అంచు ఎందుకు పెళ్ళలు ఊడుతోంది?

ప్రశ్న: పాత గుండ్రటి రంపం బ్లేడుల నుంచి రెండు కత్తులు కోశాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఒకటి అసలు గట్టిపడలేదు. రెండోదాని మీద ఆకురాయి జారింది, అంటే గట్టిపడింది కానీ, ఎముక తగలగానే అంచు పెళ్ళలుగా ఊడింది. పైగా వంగింది కూడా. తప్పెక్కడ?

జవాబు: గట్టిపడనిది కార్బైడ్ (ఉక్కు కంటే చాలా గట్టి పదార్థం) పళ్ళు అతికించిన బ్లేడు అయి ఉండొచ్చు. అందులో కోసే పని పళ్ళది. రేకు వాటిని మోస్తే చాలు. అందుకే కొన్ని రేకుల్లో కత్తిలా గట్టిపడడానికి సరిపడా కార్బన్ ఉండదు. పళ్ళు రేకులోంచే కోసిన పెద్ద మిల్లు బ్లేడు మీద ఆశ పెట్టుకోవచ్చు. ఏదైనా సరే, కత్తి గీసేముందు వేలెడు ముక్క కోసి, కాల్చి, ముంచి, వైస్‌లో విరిచి చూడండి. విరగకుండా వంగిందంటే ఆ బ్లేడు పక్కన పెట్టేయండి.

విరిగిన చోట బూడిదరంగులో, మఖమల్‌లా నున్నగా ఉంటే వేడి సరిపోయినట్టు. పంచదారలా తళుకుమంటే ఎక్కువ కాల్చారు, లోపలి రేణువులు పెరిగిపోయాయి. మీ రెండో కత్తి ఊడిన అంచుని కూడా ఇలాగే చూడండి. తళుకుంటే, అయస్కాంతం అంటడం మానేసేదాకా (సుమారు 770 డిగ్రీలు) కాల్చి గాలికి చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు. తర్వాత ఎరుపు అంతకంటే ఒక్క ఛాయ ఎక్కువగా కాల్చి, 800-815 డిగ్రీల దగ్గర, 50 డిగ్రీలకు వేడిచేసిన వంటనూనెలో ముంచండి. వాడేసిన ఇంజిన్ ఆయిల్ వద్దు, ఆ పొగ మంచిది కాదు.

రేణువు నున్నగానే ఉంటే లోపం టెంపరింగ్‌ది, అంటే ముంచాక మళ్ళీ కొద్ది వేడిలో ఉంచి పెళుసు తగ్గించే పనిది. ముంచి తీసిన ఉక్కు గాజుతో సమానం. గంటలోపే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, చల్లార్చి, మళ్ళీ రెండు గంటలు పెట్టాలి. మెరుగుపెట్టిన చోట లేత గడ్డిరంగు రావాలి. నీలం వచ్చిందా, వంటింటి కత్తికి మెత్తబడిపోయినట్టే. ఇంతా చేసి ఎముక మీద కొడితే పల్చటి అంచు ఎలాగూ నిలవదు. అది వేరే కత్తి పని.

వంపు సంగతి. రెండు మిల్లీమీటర్ల రేకు వంగడం మామూలే. ముంచకముందే అంచుని పల్చగా అరగదీస్తే వంగే అవకాశం చాలా ఎక్కువ, ఒక్కోసారి చీలుతుంది. కనీసం ఒక మిల్లీమీటరు మందం వదలండి. మొన నిట్టనిలువుగా దిగాలి. నూనెలో అంచు, వెన్ను వైపులకే కదపండి, పక్కలకు కాదు. ఒక పక్క ముందు చల్లబడితే వంపు వచ్చేస్తుంది.

వంగినదాన్ని సుత్తితో కొట్టారా, రెండు ముక్కలే. మందపాటి ఇనుప పట్టీ మీద ఉబ్బు పైకి వచ్చేలా పెట్టి, రెండు చివర్ల కింద చిన్న రేకుముక్కలు దూర్చి, నడుమ క్లాంప్ బిగించండి, ఉబ్బు అణిగి కాస్త అవతలికి వంగేదాకా. అలాగే ఓవెన్‌లో టెంపరింగ్‌కి పెట్టండి. చాలావరకు సరిపోతుంది.

మిగిలిన అరగదీత గట్టిపడ్డాకే, ఒట్టి చేత్తో పట్టుకుని చేయండి. వేళ్ళకి చురుక్కుమనగానే నీళ్ళలో ముంచాలి, లేదంటే వేడికి అంచు మెత్తబడిపోతుంది.